చలికి కాళ్లు గుంజుతున్నాయా? కీళ్లవాతమేనా అని తేల్చుకోవడం, ఇంట్లో చేసుకోవాల్సిన పనులు

దీపావళి దాటి రాత్రుళ్లు చల్లబడ్డాయంటే మా ఫిజియోథెరపీ గది బయట బెంచీ ఖాళీ ఉండదు. మాది ఆదిలాబాద్. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 10 డిగ్రీల కిందికి దిగడం ఇక్కడ మామూలే. పత్తి ఏరేవాళ్లు, నిర్మల్ వైపు నుంచి వచ్చే బీడీ కార్మికులు, రిటైరైన డ్రైవర్లు, స్కూలు టీచర్లు, ఎవరొచ్చినా మొదటి మాట దాదాపు ఒకటే. "మేడం, చలికి కాళ్లు గుంజుతున్నయ్. కీళ్లవాతం పట్టిందేమోనని భయమైతుంది."

భయపడటంలో తప్పు లేదు. ఆ భయంతో చేసే పనులతోనే నాకు పేచీ. కొందరు మంచం దిగరు. కొందరు మెడికల్ షాపులో అడిగి గోలీలు మింగుతారు. ఇంకొందరు వాతమని పప్పు, వంకాయ, ఆలుగడ్డ అన్నీ మానేసి, చారన్నం మీద బతుకుతూ ఉన్న కండ కూడా పోగొట్టుకుంటారు. ఈ మూడింటి బదులు ఏం చేయాలో రాస్తున్నాను.

చలి చేసే పని ఎంత?

చలికి కీళ్లు అరగవు. అలా అరిగేవే అయితే ఎండకు పేరుపడ్డ రామగుండంలో, రెంటచింతలలో మోకాళ్ల నొప్పులే ఉండకూడదు. లోపల ఉన్న నొప్పిని చలి పైకి తెస్తుంది, అంతే. చల్లగాలి తగిలితే ఒంట్లో వేడి బయటికి పోకుండా చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి. కండరాలు బిగుసుకుంటాయి. కీలు లోపలి జిగట ద్రవం కాస్త చిక్కబడుతుంది. పొద్దున మంచం దిగాక మొదటి నాలుగడుగులు అంత కష్టంగా పడేది ఇందుకే. దీనికి తోడు చలికాలంలో మన కదలిక తగ్గిపోతుంది. వాకింగ్ మానేస్తాం, దుప్పటి ముసుగేసుకుని టీవీ ముందు కూర్చుంటాం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి చలి చేసినదాని కన్నా ఆ కూర్చోవడం చేసిన నష్టమే ఎక్కువ.

ముసురు పట్టిన రోజు మోకాలు సలుపుతుందని చెప్పే అవ్వ మాట కూడా ఉత్తది కాదు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ యూనివర్సిటీవాళ్లు దీర్ఘకాలిక నొప్పులున్న 2,600 మందికి పైగా జనంతో రోజూ ఫోన్‌లో నొప్పి ఎంతుందో రాయించి, ఆ రోజు వాతావరణంతో పోల్చి చూశారు. ఫలితాలు 2019లో వచ్చాయి. గాలిలో తేమ, ఈదురుగాలి ఎక్కువగానూ, వాయుపీడనం తక్కువగానూ ఉన్న రోజుల్లో నొప్పి కొంచెం పెరిగింది. ఉష్ణోగ్రత ఒక్కదాని ప్రభావం మాత్రం పెద్దగా కనబడలేదు. ఆ పెరగడం కూడా కొద్దిపాటిదే. కాబట్టి ఈ చలికాలం మీ నొప్పి ఒక్కసారిగా రెట్టింపైతే నెపం చలి మీద వేసి ఊరుకోవద్దు. ఇంకేదో కారణం ఉంటుంది, వెతకాలి.

ముందు ఒక్క వేలితో చూపించండి

"కాళ్ల నొప్పులు" అని చెబితే నాకు ఏమీ తెలియదు. కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్క వేలితో నొప్పి ఉన్నచోటు చూపించమంటాను. కొందరి వేలు నేరుగా వెళ్లి మోకాలి లోపలి అంచున, రెండు ఎముకలు కలిసే గీత మీద ఆగుతుంది. కొందరు వేలు పక్కనబెట్టి అరచేత్తో పిరుదు నుంచి మడమ దాకా రాసి చూపిస్తారు. ఇంకొందరు వంగి పిక్క పట్టుకుంటారు. మూడూ చలికి గుంజే కాళ్లే, కానీ మూడూ వేరు వేరు జబ్బులు కావచ్చు. మీరూ ఇంట్లో ఇలా చూసుకుని, ఏ టైములో వస్తుందో, ఎంతసేపు ఉంటుందో గమనించండి.

వేలు మోకాలి దగ్గరే ఆగింది, వయసు 45 దాటింది, మెట్లు దిగేటప్పుడు, కింద నుంచి లేచేటప్పుడు నొప్పి. పొద్దున పట్టేసినట్టున్నా అరగంట లోపే వదులవుతుంది. ఇది చాలావరకు అరుగుదల, అంటే ఆస్టియో ఆర్థరైటిస్. అందరూ "గుజ్జు అయిపోయింది" అనేది దీన్నే. ఇలాంటి లక్షణాలుంటే ఎక్స్‌రే లేకుండానే డాక్టరు చెప్పగలరు.

పొద్దున గంటకు పైగా వేళ్లు ముడుచుకోవు. రెండు చేతుల కణుపులు, మణికట్లు, పాదాల వేళ్ల మొదళ్లు వాచి, నొక్కితే మెత్తగా ఉంటాయి. జాకెట్ హుక్కు పెట్టుకోవడం, చాయ్ గ్లాసు పట్టుకోవడం కూడా కష్టమవుతుంది. పని చేసినకొద్దీ నొప్పి కాస్త తగ్గుతుంది, ఒళ్లంతా నీరసం. ఇది ఆరు వారాలు సాగిందంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనుమానించాలి. కీళ్లవాతమని జనం భయపడేది అసలు దీని గురించే. ఇరవై, ముప్పై ఏళ్లవాళ్లకూ వస్తుంది, మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. ఇందులో మాత్రం చలికాలం పోనీ చూద్దాం అని ఆగకండి. మొదట్లోనే మందులు మొదలుపెడితే కీళ్లు వంకర పోకుండా ఆపవచ్చు. ఆలస్యమైతే పోయిన ఆకారం తిరిగి రాదు. రుమటాలజిస్టుకు, అంటే కీళ్లవాతం జబ్బుల డాక్టరుకు చూపించాలి. మీ ఊళ్లో లేకపోతే జనరల్ ఫిజీషియన్ దగ్గర మొదలుపెట్టండి.

రాత్రికి రాత్రి కాలి బొటనవేలి మొదలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి వస్తే అది గౌట్, అంటే యూరిక్ యాసిడ్ కీలులో పేరుకుని వచ్చే వాపు కావచ్చు. నొప్పి ఉన్నప్పుడు చేసిన యూరిక్ యాసిడ్ పరీక్ష ఒక్కోసారి మామూలుగానే వస్తుంది, అంతమాత్రాన గౌట్ కాదనుకోవద్దు. వానాకాలంలో జ్వరం వచ్చిపోయాక కీళ్లు పట్టేసి, చలికాలం వచ్చినా వదలకపోతే చికున్‌గున్యా సంగతి డాక్టరుకు చెప్పండి. 2005-06లో అది మన దగ్గర వ్యాపించినప్పుడు చూసినవాళ్లకు తెలుసు, కొందరిని నెలల తరబడి పీడిస్తుంది.

కీలుతో సంబంధం లేని నొప్పులు

చలికాలంలో ఎక్కువగా పొరబడేది వీటి దగ్గరే. ఇంటి నుంచి పాల బూత్ దాకా వెళ్లేసరికి పిక్క పట్టేస్తుంది, రెండు నిమిషాలు నిలబడితే వదులుతుంది, మళ్లీ అంతే దూరం నడిచేసరికి పట్టేస్తుంది. పాదం ఎప్పుడూ చల్లగా ఉంటుంది, కాలి మీద వెంట్రుకలు రాలి చర్మం నున్నగా మెరుస్తుంది. బీడీ, సిగరెట్ తాగేవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఇది కాలి రక్తనాళాలు సన్నబడటం వల్ల వస్తుంది. చలికి నాళాలు ఇంకా ముడుచుకుంటాయి కాబట్టి ఇబ్బంది పెరుగుతుంది. దీనికి మోకాలికి నూనె రాస్తే ఏం లాభం? చేతి దగ్గర, మడమ దగ్గర బీపీ చూసి పోల్చితే, రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ తీస్తే తెలిసిపోతుంది. గుండె డాక్టరుకు కూడా పని ఉన్న జబ్బు ఇది.

నడుం నుంచి మొదలై తొడ వెనకగా పాదం దాకా కరెంటు తీగలా పాకితే అది నడుం దగ్గర నరం నొక్కుకుపోవడం. అరికాళ్లు మండుతూ, దూది మీద నడిచినట్టుంటే షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయేమో చూపించుకోవాలి. అందరికన్నా మీకే చలి ఎక్కువగా ఉంటే, ఒళ్లు బరువు, మలబద్ధకం, కండరాల నొప్పులు కూడా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి. ఎముకల్లోనే నొప్పి, తొడలు బరువెక్కడం, కింద నుంచి లేవలేకపోవడం ఉంటే విటమిన్ డి చూడమంటాను. అయితే 60,000 యూనిట్ల సాచెట్లు ఎవరో చెప్పారని వారం వారం తాగుతూ పోవద్దు. ఆ విటమిన్ ఒంట్లో నిలవ ఉంటుంది, ఎక్కువైతే కిడ్నీలకు చేటు.

ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాల్సినవి ఇవి. ఒక కీలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం రావడం. ఒక్క కాలి పిక్క మాత్రమే ఉబ్బి, నొక్కితే నొప్పిగా, వెచ్చగా ఉండటం, ముఖ్యంగా ఆపరేషన్ తర్వాతో, కాన్పు తర్వాతో, రోజుల తరబడి మంచంలో ఉన్నాకో. ఇలాంటి పిక్కను మర్దన చేయవద్దు, లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. పాదం హఠాత్తుగా తెల్లగానో నీలంగానో మారి చల్లబడటం. కాళ్ల నొప్పితో పాటు మూత్రం, మలం మీద పట్టు తప్పడం. పడిపోయాక కాలు కింద మోపలేకపోవడం.

పరీక్షల సంగతి ఒక్క మాటలో చెబుతాను. ల్యాబ్‌లో "ఆర్థరైటిస్ ప్యాకేజీ" అని బోర్డు చూసి మీ అంతట మీరు చేయించుకోవద్దు. రుమటాయిడ్ కోసం చేసే ఆర్ఏ ఫ్యాక్టర్ రక్తపరీక్ష ఏ జబ్బూ లేనివాళ్లకు పాజిటివ్ రావచ్చు, జబ్బు ఉన్నవాళ్లకు నెగటివ్ రావచ్చు. ఆ కాగితం పట్టుకుని ఇంటిల్లిపాదీ టెన్షన్ పడటం నేను ఏటా చూస్తాను. మోకాలికి ఎక్స్‌రే రాస్తే నిలబడి తీయించుకోండి, పడుకుని తీస్తే ఎముకల మధ్య సందు ఎంత తగ్గిందో సరిగా కనబడదు. ఇంకో విషయం, ఎక్స్‌రేలో బాగా అరిగినట్టున్నా హాయిగా నడిచేవాళ్లున్నారు, ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నా నొప్పితో ఏడ్చేవాళ్లున్నారు. ఫిల్ము చూసి బెంబేలు పడకండి.

పొద్దున లేవడం

అలారం మోగగానే చటుక్కున దిగి చల్లటి బండల మీద కాలు పెట్టడం మానండి. దుప్పటి కిందే, వెల్లకిలా పడుకుని, పాదాలు పైకీ కిందికీ ఒక ఇరవై సార్లు ఆడించండి. తర్వాత మడమను పరుపు మీదే జరుపుతూ ఒక్కో మోకాలు మడిచి చాపండి, పదేసి సార్లు. అంచున కూర్చుని కాళ్లు కాసేపు ఊపండి. అప్పుడు చెప్పులు వేసుకుని లేవండి. ఇంట్లో చెప్పులా అని అత్తగారు అంటే ఒక జత ఇంటి వరకే విడిగా పెట్టుకోండి. టైల్స్ మీద ఉత్త సాక్సులతో నడవొద్దు, జారుతుంది. చలికాలంలో తుంటి విరిగి వచ్చే పెద్దవాళ్లలో కొందరు అలా పడినవాళ్లే.

ధనుర్మాసం ముగ్గుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తెల్లవారకముందే చన్నీళ్లతో కల్లాపి చల్లి, తడి కాళ్లతోనే గొంతుకూర్చుని ముప్పావు గంట ముగ్గు వేస్తారు. మోకాలు పూర్తిగా మడిచి, ఒంటి బరువంతా వేళ్ల మీద ఆనించి, ఆ భంగిమలోనే పక్కకు జరుగుతుంటారు. అరిగిన మోకాలికి ఇంతకన్నా పరీక్ష లేదు. ముగ్గు మానమని చెబితే ఎవరూ వినరు, నేనూ చెప్పను. వాకిలి ముందురోజు సాయంత్రమే కడిగి పెట్టుకోండి. కాళ్లు తుడుచుకుని సాక్సులు, చెప్పులు వేసుకోండి. జానెడు ఎత్తు పీట కాక మూరెడు ఎత్తున్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని వేయండి. చుక్కలు నిలబడి వంగి పెట్టినా, గీతలు స్టూలు మీద నుంచి లాగండి. రథం ముగ్గు రోజు కోడలినో కూతురినో పిలవండి. సకినాలు చుట్టేటప్పుడూ అంతే. కింద బట్ట పరిచి గంటల తరబడి కూర్చునే బదులు మంచం మీదో బల్ల మీదో బట్ట పరిచి, కుర్చీలో కూర్చుని చుట్టినా సకినం సకినమే.

కాపడం

పట్టేసిన కీలుకు, బిగిసిన కండకు వేడి మంచిది. ఎర్రగా వాచి, ముట్టుకుంటే కాలుతున్న కీలుకు వేడి పెట్టొద్దు, చల్లటి కాపడం పెట్టాలి. అరచేతి వెనకవైపుతో రెండు మోకాళ్లనూ తాకి చూడండి, ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే వెంటనే తెలుస్తుంది.

వేడినీళ్ల సంచిలో మరిగే నీళ్లు పోయొద్దు. మూడింట రెండు వంతులు నింపి, గాలి నొక్కేసి మూత బిగించి, తువ్వాలు చుట్టి, 15 నుంచి 20 నిమిషాలు పెట్టుకోండి. దాన్ని కాళ్ల దగ్గర పెట్టుకుని నిద్రపోవద్దు. ఉప్పు మూట కాపడమైనా, వావిలాకు మరిగించిన నీళ్ల స్నానమైనా ఫర్వాలేదు. అందులో సుఖం ఆకుదా, వేడినీళ్లదా అని నేను వాదించను. నువ్వుల నూనె మర్దన కూడా మంచిదే, గట్టిగా విరిచినట్టు కాకుండా చేయాలి. నొప్పి బామ్ రాసిన చోట మాత్రం వెంటనే వేడి సంచి పెట్టకండి, చర్మం కాలుతుంది.

షుగర్ ఉండి పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లు పాదాలకు కాపడమే పెట్టుకోవద్దు. వేడి తెలియదు, బొబ్బ ఎక్కాకే తెలుస్తుంది, ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. వాళ్లకు వదులైన సాక్సులు చాలు. చలిమంట దగ్గర రోజూ కాళ్లు చాపుకుని కూర్చునేవాళ్ల పిక్కల మీద వల పరిచినట్టు గోధుమరంగు మచ్చలు కనబడతాయి. అది మాడిన చర్మం, ఇంకాస్త దూరం జరగమని అర్థం. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు, ఆ పొగతో ప్రాణమే పోతుంది.

వ్యాయామం, నడక

కాపడం పెట్టిన వెంటనే చేస్తే కండ మాట వింటుంది. మంచం మీద కాళ్లు చాపి కూర్చుని, తువ్వాలు చుట్ట చుట్టి మోకాలి కింద పెట్టండి. మోకాలితో ఆ చుట్టను కిందికి నొక్కండి. తొడ ముందు భాగం రాయిలా గట్టిపడాలి, చేత్తో పట్టుకుని చూసుకోండి. ఊపిరి బిగబట్టకుండా ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. ఒక్కో కాలికి పది సార్లు. చాలామంది తొడ వదిలేసి పిరుదు పైకి లేపుతారు, అది లెక్కలోకి రాదు. ఇది అలవాటయ్యాక పడుకుని ఒక కాలు మడిచి, రెండో కాలు నిటారుగా జానెడు ఎత్తి పట్టుకోవడం, కిటికీ ఊచ పట్టుకుని మడమలు ఎత్తి దించడం, చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఒక్కొక్కటే కలపండి. చేశాక నొప్పి కొద్దిగా ఉంటే కంగారు లేదు. మర్నాడు పొద్దుటికి కూడా ఎక్కువగానే ఉంటే సగానికి తగ్గించండి, మానేయొద్దు.

నడకకు తెల్లవారుజాము అయిదింటికే వెళ్లాలని రూలేం లేదు. ఎండ పొడొచ్చాక ఎనిమిదింటికి వెళ్లండి. రాత్రి పిక్కలు పట్టేసేవాళ్లు పడుకోబోయే ముందు కాలు చాపి, తువ్వాలు పాదానికి వేసి వేళ్లను తమవైపు లాక్కుని అరనిమిషం ఉంచాలి.

కర్ర పట్టుకోమంటే నామోషీ పడతారు. పట్టుకున్నవాళ్లేమో నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. కుడి మోకాలు నొప్పయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, కుడికాలుతో పాటు కర్ర ముందుకు పడాలి. నిలబడి చెయ్యి వదిలేస్తే కర్ర పిడి మణికట్టు దగ్గరికి రావాలి. కింద రబ్బరు బుడిపె అరిగిందేమో చూసుకోండి.

బరువు గురించి చెబితే ముఖాలు మాడిపోతాయి గానీ చెప్పక తప్పదు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో అమెరికాలో చేసిన అధ్యయనం లెక్కగట్టింది. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు ఒక గరిటె పెంచండి. పప్పు వాతమని మానేసినవాళ్లు మళ్లీ మొదలుపెట్టండి. గౌట్ ఉన్నవాళ్లు మాత్రం మద్యం, లివరు, మేక మాంసం విషయంలో డాక్టరు చెప్పినట్టు వినాలి.

మందులు

మోకాలి అరుగుదలకు మొదట రాయాల్సింది డైక్లోఫెనాక్ జెల్. పైన రాసే మందు కాబట్టి కడుపుకు, కిడ్నీకి ప్రమాదం తక్కువ. అసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలు బీపీ, అల్సర్, గుండె, కిడ్నీ ఇబ్బందులున్నవాళ్లు డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. మిగతావాళ్లయినా చలికాలమంతా రోజూ మింగేవి కావు అవి.

పేరు లేని పొట్లాలంటే నాకు ఒళ్లు మండుతుంది. "ఒక్క పొట్లంతో లేచి నడిచిన బిడ్డా" అని అవ్వలు చెబుతుంటే అందులో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానం రాక మానదు. నొప్పి మాయమవుతుంది, నిజమే. నెలలు గడిచాక ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఇప్పటికే చాలాకాలంగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, అది ఇంకా ప్రమాదం. పొట్లంతో సహా డాక్టరుకు చూపించి మెల్లగా తగ్గించుకోవాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వారం రోజుల ముందు నుంచి ఒక కాగితం మీద రాసుకోండి. పొద్దున ఎంతసేపు పట్టేసినట్టుంది, ఎంత దూరం నడిస్తే నొప్పి మొదలైంది, రాత్రి నిద్రలో లేపిందా, ఏ గోలీ వేసుకున్నారు. వాడే మందులన్నీ, బీపీవీ షుగర్‌వీ కూడా, కవర్లో వేసుకుని తీసుకెళ్లండి. మోకాళ్లు రెండూ పక్కపక్కన పోల్చి చూడాలి కాబట్టి మగవాళ్లు బిగుతు ప్యాంటు కాకుండా లుంగీలోనో వదులు పైజామాలోనో రండి.